పొగతలుపుకు పరాయి చెయ్యి

1

ఈ డైరీ రాయమన్నది నాకు కొత్త పని నేర్పే హంసవేణి గారు. "ఏం చూశావో ముందు రాయి. ఏమనుకున్నావో తర్వాత రాయి. రెండూ కలపకు" అన్నారు. నేను కలిపే రాస్తాను. కళ్ళతో చూసిందాన్ని ఒక కాగితం మీద, దానికి వచ్చిన కోపాన్ని ఇంకో కాగితం మీద పెట్టుకోవడం నాకు చేతకాదు.

నా పేరు చౌడేశ్వరి. మొన్నటిదాకా తలుపరిని. నాపరాతి గనుల్లో ఈ కిందూరు తొలిచినప్పటి నుంచీ ప్రతి వీధి చివరా ఒక ఉక్కు తలుపు, దాని పక్కన స్టూలు, స్టూలు మీద ఒక మనిషి ఉండటం రివాజు. వీధిలో పొగ పుడితే రాగలిగినవాళ్ళను రానిచ్చి, ఇక ఆగితే లాభం లేదనుకున్నప్పుడు తలుపు దించడం ఆ మనిషి పని. దించకపోతే పొగ పక్క వీధికి పోతుంది, అక్కడినుంచి ఊరంతటికీ పోతుంది. పైకెక్కి ఊపిరి పీల్చుకుందామా అంటే, పైన పగటి ఎండకు కాకి కూడా నిలవదు.

తలుపరికి ఒక కట్టడి ఉంది. తన వీధికి తాను తలుపరి కాకూడదు. చుట్టాలున్న వీధికీ కాకూడదు. కాపలా ఉన్న చోట ఎవరి పేరూ అడగకూడదు. పెళ్ళికి పిలిస్తే పోకూడదు, అసలు పిలవరు. ఏటా ఆవకాయ పెట్టినప్పుడు ప్రతి ఇంటివాళ్ళూ ఒక గిన్నె తెచ్చి స్టూలు పక్కన పెట్టి, నా మొహం చూడకుండా వెనక్కి తిరిగేవాళ్ళు. ఉలవల వీధికి నేను అలాగే కాపలా ఉన్నాను. ఒకసారి తలుపు దించాను. లోపల ఇద్దరు మిగిలారు. వాళ్ళ పేర్లు నాకు ఇప్పటికీ తెలియవు. తెలియవు కాబట్టే చెయ్యి కదిలింది.

ఇప్పుడు తలుపరులు వద్దట. గోడకు ప్యానెల్ బిగిస్తారట. తయారు చేసే ముందే దాన్ని వాడబోయే జనానికి చూపించి, వాళ్ళకు వాడటం వస్తుందో రాదో తెలుసుకోవాలని నియమం ఉందట. ఆ పనికి మనుషులు చాలక, కొలువు పోయిన తలుపరుల్లో నాలుగక్షరాలు వచ్చిన నన్ను నేర్చుకోమన్నారు. అంటే నా పొట్ట కొట్టిన యంత్రం బాగుందా అని నేనే ఇల్లిల్లూ తిరిగి అడగాలి. సరే, అడుగుతాను. అక్క కోసం అడుగుతాను. మొదటి ప్యానెల్ పెట్టేది గచ్చు వీధిలో. మా అక్క సుంకమ్మ ఉండేది ఆ వీధిలోనే. నాపరాయి పడి నడుము కింద చచ్చుబడిపోయిన మా బావ మద్దిలేటి మంచం ఉండేదీ అక్కడే.

2

ప్యానెల్ ఇంకా పుట్టలేదు, స్టూళ్ళు మాత్రం అప్పుడే ఎత్తేశారు. ఉన్నదల్లా కాగితాలే. హంసవేణి గారు వాటిని చేత్తో గీశారు, గీతలు వంకరటింకరగా ఉన్నాయి. స్కేలు పెట్టి గీయకూడదా అన్నాను. "బొమ్మ అందంగా ఉంటే అంతా అయిపోయిందనుకుని ఎవరూ తప్పు పట్టరు. చిత్తుగా ఉంటే ఇంకా మార్చవచ్చని ధైర్యంగా చెబుతారు" అన్నారు. ఆవిడ ఈ పనిలో తల నెరిసిన మనిషి. గొంతు పెంచడం నేనింతవరకూ వినలేదు. అది కూడా నాకు చిరాకే.

ప్యానెల్ పని ఇది. మంచాల కింద, గడపల కింద సెన్సార్లు ఉంటాయి. పొగ వచ్చినప్పుడు ఇంకా ఎవరు బయటికి రాలేదో అవి చెబుతాయి. రానివాళ్ళ మొహాలు ప్యానెల్ మీద వరుసగా కనిపిస్తాయి. తలుపు దగ్గరికి చేరిన వీధివాళ్ళలో ఎవరో ఒకరు ఒక్కో మొహాన్నీ వేలితో తాకి 'ఉండిపోయారు' అని ఒప్పుకోవాలి. అన్ని మొహాలూ తాకాక తలుపు దిగుతుంది. అంతవరకూ దిగదు.

దీన్ని తలపెట్టింది ప్యానెళ్ళ ఆఫీసు పెద్ద సదాశివమూర్తి గారు. మాకు తరగతి పెట్టి చెప్పారు. "పరాయివాడెవడో వచ్చి మన మనుషుల మీద తలుపు వేయడం అనాగరికం. ఆ నిర్ణయం కుటుంబానిది. మనం కుటుంబానికి గౌరవం ఇస్తున్నాం" అన్నారు. మాట వినడానికి ఎంత తియ్యగా ఉందో! నాకు కాసేపు నిజమేననిపించింది కూడా. అందుకు ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

మొదటి పరీక్ష సున్నం వీధిలో ఒక పెద్దాయన ఇంట్లో. నేను కూర్చోగానే కాగితం తీసి, ఇదిగో ఇక్కడ మొహాలొస్తాయి తాతా, ఇదిగో ఇలా తాకాలి, అప్పుడు తలుపు దిగుతుంది అని ఏకరువు పెట్టేశాను. ఆయన మజ్జిగ ఇప్పించి, "బాగుందమ్మా, శానా బాగుంది" అన్నాడు. నేను సంతోషంగా బయటికొచ్చాను.

"ఆయనకు ఏం తెలిసిందో మనకేం తెలిసింది?" అని హంసవేణి గారు అడిగారు. "నువ్వే చెప్పావు, నువ్వే తాకావు, ఆయన మజ్జిగ పోశాడు. పరీక్ష నీకు జరిగింది. ఈసారి కాగితం పెట్టి నోరు మూసుకో. వాళ్ళు తికమకపడితే పడనీ. సాయం చేయకు. నోటిని వినడం కాదు, చేతిని చూడు."

పది మందికి ఊపిరి నిలబెట్టిన మనిషిని నోరు మూసుకోమంటే ఎలా ఉంటుందో ఆవిడకేం తెలుసు?

4

మూడో నమోదు చింపేశాను. అందులో బూతులున్నాయి. అవి ఎవరి మీదో ఈ నమోదు చదివితే తెలుస్తుంది.

గచ్చు వీధిలో పరీక్ష పెట్టాం. నా సొంత అక్క కాబట్టి నేను అడగకూడదన్నారు. హంసవేణి గారు అడిగారు, నేను వెనక కూర్చుని రాశాను. అక్క చీర మార్చుకుని, జడ వేసుకుని, పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు కూర్చుంది. మంచం మీదినుంచి బావ మెడ ఎత్తి చూస్తున్నాడు.

హంసవేణి గారు కాగితం అక్క ముందు పరిచారు. దాని మీద ఒకటే మొహం ఉంది. గుండ్రని తల, మీసం. "ఇది మీ వీధి చివర గోడమీద ఉందనుకోండి. వీధిలో పొగ వచ్చింది. మీరు తలుపు దాకా వచ్చారు. ఇది ఇలా కనిపిస్తోంది. ఏం చేస్తారు?"

అక్క కాగితాన్ని చూసింది. మీసాన్ని చూసింది. చేతులు రెండూ ఒళ్ళోకి లాక్కుంది.

"బాగుందమ్మా" అంది.

"ఏం చేస్తారు?"

"ఏం చేస్తా, ఆయనకు కాఫీ పెట్టే యాళయ్యింది" అని లేవబోయింది.

"ఇంకొక్క నిమిషం. ఈ బొమ్మ దేనికోసం అనిపిస్తోంది మీకు?"

"మంచిదానికే పెట్టింటారులేమ్మా. మా ఇంట్లో అట్లాంటిది జరగదు. కాఫీలో చక్కెర వేయొచ్చునా?"

అంతే. హంసవేణి గారు ఎంత మెత్తగా తిప్పి అడిగినా అక్క చేతులు ఒడి దాటి రాలేదు. బయటికొచ్చాక నేను ఆగలేక మళ్ళీ లోపలికి పోయాను.

"ఏంటికే అట్ల అబద్ధం చెప్తివి? ఏం బాగుండాది అందులో?"

"మెల్లగా మాట్లాడు మే, ఆయన ఇంటాడు" అని అక్క నన్ను వంటింట్లోకి లాగింది. "ఇంటికొచ్చినోళ్ళ పనిని బాగలేదని మొగం మీద కొడతామా? ఇంగ ఆ మాట... పొగొచ్చిందనుకో అంటాది ఆయమ్మ. ఎట్లనుకునేది? తథాస్తు దేవతలు నెత్తిమీదే తిరుగుతాంటారు. ఆ బొమ్మను నేను ఏలుతో తాకితే, ఊరికే కాగితమని వాళ్ళకు తెలుస్తాదా?"

"నిజంగా పొగొస్తే తాకుతావా?"

అక్క నా నోరు మూసింది. చేత్తోనే, గట్టిగా. పళ్ళు పెదవికి గుచ్చుకుని నెత్తురు వచ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది. తర్వాత ఆ అసహ్యం పోయి కోపం మిగిలింది. అడగాల్సింది అక్కను కాదు, ఇది తలపెట్టిన సదాశివమూర్తి గారిని.

5

అన్ని ఇళ్ళలోనూ ఇదే. బాగుంది, చాలా బాగుంది, మీరు చేసింది బాగుండక ఏమవుతుంది. ఒక్కడు కూడా ఒక్క మొహాన్నీ తాకలేదు. ఒకాయన కాగితాన్ని మడిచి తలగడ కింద పెట్టుకున్నాడు. ఒకావిడ దానికి పసుపు రాసి వెనక్కిచ్చింది.

సదాశివమూర్తి గారు మా రిపోర్టు చదివి చేతులు రుద్దుకున్నారు.

"అందరికీ నచ్చింది. ఇంత ఏకగ్రీవంగా నచ్చిన ప్యానెల్ ఇంతకు ముందు లేదు."

"ఎవరూ తాకలేదు సార్" అన్నాను.

"కాగితం కదమ్మా. కాగితాన్ని ఎవరు తాకుతారు? నిజమైనది వచ్చినప్పుడు తాకుతారు."

"ప్రాణం మీదికొచ్చినప్పుడు కొత్తగా నేర్చుకుంటారా సార్?"

"ప్రాణం మీదికొచ్చినప్పుడు మనిషి బుద్ధి పదునెక్కుతుంది."

పొగలో మనిషి బుద్ధి ఎలా ఉంటుందో ఈయన ఎప్పుడైనా చూశాడా? నేను చూశాను. బీరువా తాళాల కోసం వెనక్కి పోతారు. పాల గిన్నె ఎత్తుకుని వస్తారు. తలుపు ఏ వైపో మర్చిపోతారు. ఇదంతా చెప్పబోయాను. హంసవేణి గారు బల్ల కింద నా కాలు తొక్కారు.

"వాళ్ళ మాట రాసుకున్నాం. వాళ్ళ చెయ్యి సంగతీ రాశాం. రెండో భాగం కూడా చదవండి" అన్నారావిడ.

"చదువుతాను. సోమవారం సంతకం పెడుతున్నాను. అప్పటిలోగా ఏదైనా తేలితే చెప్పండి."

బయటికొచ్చాక ఆవిడతో కూడా గొడవ పెట్టుకున్నాను. కాలు తొక్కడానికి మీరెవరు అన్నాను. "కోపం నీ దగ్గర కావలసినంత ఉంది. ఆధారం లేదు. ఆయన ముందు కోపం పెడితే ఆయన నీ కోపం గురించి మాట్లాడతాడు, తలుపు గురించి మాట్లాడడు" అన్నారు. ఆ మాట నిజం. అందుకు ఇంకా కోపం వచ్చింది.

6

ఉపాయం దొరికింది. అది కూడా తిట్ల మధ్యలోనే దొరికింది.

మా పక్కింట్లో బారసాల. పిల్ల అమ్మమ్మ ఓబులమ్మ బొబ్బట్లు తెచ్చింది. నాయనమ్మ నరసమ్మ ఒకటి విరిచి నోట్లో వేసుకుని, వచ్చినవాళ్ళందరూ వినేలా, "పూర్ణంలో బెల్లం తక్కువ, పైన పిండి ఎక్కువ. మా వదినది మనసు మాత్రం మెత్తన, బొబ్బట్టు కాదు" అంది. ఓబులమ్మ ఊరుకుంటుందా? "మీ ఇంటి నోళ్ళకు ఇంతకన్నా మెత్తనైతే అరగదనే ఇట్ల చేస్తి వదినా" అంది. అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. లేచి నిలబడ్డాను. ఈ ఊళ్ళో ఎవరి పనినైనా మొహం మీదే బాగలేదనగలిగేది ఒక్క వియ్యపురాలే. అనకపోతే ఆవిడకు అగౌరవం.

హంసవేణి గారికి చెబితే మొదటిసారి గట్టిగా నవ్వారు. "ఇది ఏ తరగతిలోనూ చెప్పరు. చేద్దాం" అన్నారు.

ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాం. ఈసారి నన్నే అడగమన్నారు. నరసమ్మ ఇంటి మొహాలన్నీ కాగితం మీద నేనే గీశాను. ఓబులమ్మ ముందు పెట్టి, "అమ్మా, ఇది మీ వియ్యపురాలి వీధికి వచ్చిన తలుపు. వాళ్ళ వీధిలో పొగొచ్చింది. మీరు ఆ పొద్దు చుట్టపుచూపుగా అక్కడ ఉన్నారు. తలుపు కాడికి వచ్చారు" అన్నాను. నోరు మూసుకున్నాను. నిజంగానే మూసుకున్నాను, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని.

కట్ట తెగింది.

"ఏందిమే ఇవి, ఉర్లగడ్డలా? వీళ్ళందరికీ ఒకటే మొగం. ఈమె ఏదో ఈమె మొగుడేదో ఎట్ల తెలిసేది? మీసం పెట్టినా కూడా తెలియకుండాది వదినా, నీకూ ఉండె కదా మీసం."

"నీ కండ్లకు పొర పట్టింది" అంది నరసమ్మ.

"పొర పట్టినోళ్ళకు ఈ అచ్చరాలు కనపడల్ల గదా! పొగలో కండ్లు మండుతాంటే ఈ చీమ తలకాయలు యాడ చదివేది? ఇంగ, తలుపు కాడికి ముందొచ్చేది ఎవరనుకుంటాండావు? ఈమె చిన్న కొడుకే. పరుగులో మొనగాడు. వాడికి వాళ్ళమ్మ మొగం కూడా గుర్తుండదు, అన్నీ టకటకా ఒత్తేసి పోతాడు."

"నా కొడుకును అంటే ఊరుకోను!"

"అనక? సరే, వాడు ఒత్తినాడు అనుకో. ఒత్తినాక నువ్వు తట్టుకుంటా ఎగురుకుంటా వస్తివి. అప్పుడు ఎనక్కి తీసుకునేదెట్ల? ఆ బొత్తాము యాడుండాది?"

వెనక్కి తీసుకునే బొత్తాము లేదు. ఎవరికీ తట్టలేదు. హంసవేణి గారి కలం పరిగెత్తుతోంది. ఇన్ని ఇళ్ళు తిరిగి సంపాదించలేని తప్పులు ఒక్క వియ్యపురాలు కూర్చున్న చోటే కుమ్మరించింది. నాకు ఈల వేయాలనిపించింది.

అప్పుడు ఓబులమ్మ వేలు వరుసలో చివరి మొహం దగ్గర ఆగింది.

ఆ ఇంటి మొహాలన్నీ గీయమంటే అన్నీ గీశాను. ఆ ఇంటి కోడలిని కూడా గీశాను. ఆ కోడలు ఓబులమ్మ కూతురని నాకు తెలుసు, బొబ్బట్లు తిన్నదాన్ని. అయినా గీసేటప్పుడు తట్టలేదు.

"ఇది ఎవరు?" అంది ఓబులమ్మ. ఆ గొంతులో ఎకసెక్కం లేదు.

నేను చెప్పకూడదు. పరీక్షలో సాయం చేయకూడదు. చెప్పలేదు.

ఆవిడ కాగితం మీద అరచేయి పరిచి ఆ మొహాన్ని కప్పేసింది. తర్వాత చుట్టూ గోటితో గీరి, ఆ మొహం మేర చించి, మడిచి రొంటిన దోపుకుంది. "ఇది ఈడ ఉండదు" అంది.

నరసమ్మ ముందుకు వంగింది. తను కూడా చెయ్యి చాచి, మనవరాలి మొహం చించుకుంది. కాగితం నిండా రంధ్రాలు.

"ఇంకా తలుపు దిగలేదమ్మా" అన్నారు హంసవేణి గారు మెల్లగా.

"దిగకపోతే దిగకపోనీ."

"పొగ పక్క వీధికి పోతుంది."

"పక్క వీధోళ్ళను దేవుడు చూసుకుంటాడు" అంది ఓబులమ్మ.

నేను ఆవిడ మీద అరవబోయాను. పక్క వీధిలోనూ ఓబులమ్మలు ఉంటారని అరవబోయాను. కానీ ఆవిడ రొంటి మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుంది. ఏ తల్లి చెయ్యీ ఇంతకంటే వేరే పని చేయదు. అక్షరాలు పెద్దవి చేసినా, వెనక్కి తీసుకునే బొత్తాము పెట్టినా, ఈ తలుపు దిగదు. అరవాల్సింది ఆవిడ మీద కాదు.

7

రంధ్రాల కాగితాన్ని సదాశివమూర్తి గారి బల్ల మీద పరిచాం. హంసవేణి గారు జరిగింది జరిగినట్టు చెప్పారు. ఆయన కాగితాన్ని ఎత్తి, రంధ్రంలోంచి ఒకసారి నన్ను చూసి నవ్వారు.

"ఇద్దరు పెద్దవాళ్ళు కాస్త భావోద్వేగానికి లోనయ్యారు. అక్షరాలు పెద్దవి చేద్దాం. ఆ బొత్తాము కూడా పెడదాం. మంచి సూచన. తాకడం అనేది అలవాటు మీద వస్తుంది."

"తాకలేరు సార్. ఎవరూ తాకలేరు. ఆ పనికి పరాయి చెయ్యి కావాలని తెలిసే పాతవాళ్ళు తలుపరిని పెట్టినారు."

"తలుపరి దించితే జనం ఆఫీసును తిడతారు. ఆఫీసు చంపిందంటారు. కుటుంబమే ఒప్పుకుంటే ఇక ఆ మాట రాదు కదా."

అన్నాక ఆయనకే తెలిసినట్టుంది, ఏం అన్నారో. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కుటుంబానికి గౌరవమట. నెత్తురు మా అక్క చేతికి పూసి, తమ చేతులు కడుక్కోవడానికి ఇంత తియ్యటి మాట!

"మీరొకసారి చేసి చూపించండి సార్" అన్నాను.

హంసవేణి గారు కాలు తొక్కబోయారు, ఈసారి నేను ముందే కాలు వెనక్కి తీసుకున్నాను. "రూపం ఇచ్చినవాళ్ళు దాన్ని తాము పరీక్షించుకోకూడదు చౌడేశ్వరీ. నియమం" అన్నారావిడ.

"తలుపరికీ ఒక నియమం ఉండె గదా మేడం. దాన్ని తీసేస్తిరి. దీన్ని కూడా తీసేయండి."

ఆయన మళ్ళీ నవ్వారు. "రేపు పొద్దున ఇంటికి రండి. ఫలహారం చేస్తూ చేసి చూపిస్తాను. ఎంత సులువో మీరే చూద్దురు గాని."

8

సదాశివమూర్తి గారు ఉండేది వెన్నెల వీధి. గాలిగొట్టాలు దగ్గర, గోడలకు తెల్ల సున్నం. ఆయన భార్య అనసూయమ్మ ఇడ్లీ పెట్టింది. ఆవిడ తల్లి పీట మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. నేను ఇద్దరినీ చూసి, అక్కడే కూర్చుని గీశాను. ఒక మొహానికి పెద్ద బొట్టు, ఒకదానికి నెరిసిన ముడి. ఈసారి ఎవరు ఎవరో తెలిసేలా గీశాను. ఓబులమ్మ పుణ్యం.

కాగితాన్ని గోడకు అంటించాను. "వెన్నెల వీధిలో పొగ సార్. మీరు తలుపు కాడికి వచ్చినారు. ఈ ఇద్దరూ రాలేదు."

అనసూయమ్మ చేతిలో గరిటె ఆగింది. పెద్దావిడ "శాంతం పాపం, పొద్దున్నే ఇవేం మాటలు" అంది.

ఆయన లేచారు. చెయ్యి తుడుచుకున్నారు. బొట్టు మీద ఒక వేలు, ముడి మీద ఒక వేలు. టక్, టక్. వెనక్కి తిరిగి నన్ను చూశారు.

"అయింది. తలుపు దిగింది. ఏముంది ఇందులో?"

నా ఆధారమంతా ఒక్క దెబ్బకు పోయింది. తాకలేరన్నాను, ఆయన తాకి చూపించాడు. సోమవారం సంతకం అవుతుంది, మా అక్క ఆ గోడ ముందు మీసం బొమ్మను చూస్తూ నిలబడుతుంది, పొగ ఊరంతా పాకుతుంది.

"ఎవరిని తాకారు?" అంది అనసూయమ్మ.

"ఎవరినీ కాదు. కాగితం అనసూయా."

"కాగితమని నాకూ తెలుసు. ఇంకోసారి చేయండి. ఈసారి గోడను కాదు, నన్ను చూసి చేయండి."

"ఇది ఆఫీసు పని—"

"చేయండి. సులువన్నారు కదా."

ఆవిడ వచ్చి కాగితం పక్కనే గోడకు ఆనుకుని నిలబడింది. ఆయన చెయ్యి ఎత్తారు. ఎత్తిన చెయ్యి బొట్టు దాకా పోలేదు. గాలిలో కాసేపు ఉండి, కళ్ళజోడు సర్దుకుని కిందికి వచ్చింది. పెద్దావిడ చిక్కుళ్ళు ఒలవడం మానేసి అల్లుడినే చూస్తోంది.

నేను నోరు మూసుకున్నాను. చేతినే చూశాను.

"ఇది మొదట ఎక్కడ పెడతారు?" అని ఆవిడ నన్ను అడిగింది.

"గచ్చు వీధిలోమ్మా. మా అక్క వీధి. మా బావ మంచం దిగలేడు."

"మన వీధికి ఎప్పుడు?" అని భర్తను అడిగింది.

ఆయన చెయ్యి మళ్ళీ తుడుచుకున్నారు. హంసవేణి గారు చెప్పారు, ఎప్పటిలాగే గొంతు పెంచకుండా. "వెన్నెల వీధి పథకంలో లేదండీ. ఇక్కడ తలుపరి కొనసాగుతాడు."

నాకు ఈ సంగతి తెలియదు. ఈవిడకు తెలుసు, నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను ఆ ఇడ్లీ పళ్ళాన్ని ఆయన మొహాన కొట్టేదాన్నని ఆవిడకు తెలుసు. ఇప్పుడు కూడా నా చెయ్యి పళ్ళెం మీదే ఉంది. అనసూయమ్మ ముఖం చూసి తీసేశాను. అక్కడ నా కోపం చిన్నదైపోయింది.

"అయితే మన తలుపరిని ఆ వీధికి పంపండి" అంది ఆవిడ. "మన తలుపు మీరే వేద్దురు గాని. నేనూ మా అమ్మా లోపలే ఉంటాం. వీధివాళ్ళందరికీ ఈ కబురు నేనే చెబుతాను. సులువైన తలుపు వస్తోందని."

ఆయన "అనసూయా" అన్నారు. ఆవిడ కాగితాన్ని గోడ మీది నుంచి ఊడదీసి, మడిచి, ఓబులమ్మ లాగే రొంటిన దోపుకుని లోపలికి పోయింది. ఆవిడకు ఓబులమ్మ ఎవరో తెలియదు.

9

సోమవారం సంతకం పడలేదు. 'మరికొంత పరిశీలన అవసరం' అని రాశారు. తప్పయిందని రాయలేదు, రాయరు. గచ్చు వీధి ప్యానెల్ ఆగింది. వెన్నెల వీధివాళ్ళు ఆఫీసు ముందు గుంపు కట్టారని విన్నాను. వాళ్ళు వచ్చింది గచ్చు వీధి కోసం కాదు, తమ తలుపరి పోకుండా చూసుకోవడానికి. అయినా వాళ్ళకు తలుపరి ఉండి మిగతా వీధులకు ఉండకూడదని పైకి అనలేకపోయారు. ఆఫీసువాళ్ళు తలుపరులను వెనక్కి పిలుస్తున్నారు. నన్ను కూడా అడిగారు. ఈ పరీక్షల కోసం తిరిగి తిరిగి ఊళ్ళో సగం వీధుల్లో పేర్లు తెలిసిపోయాయి. ఇక ఏ తలుపుకూ పనికిరాను. హంసవేణి గారు నవ్వి, "ఇక నా దగ్గరే ఏడువు" అన్నారు. ప్యానెల్ ఆలోచన ఆఫీసు వదలదని, ఇంకో రూపంలో తెస్తుందని ఆవిడ అంటారు. తేనీ. వియ్యపురాళ్ళు ఉన్నారు.

ఇవాళ అక్క ఇంటికి పోయాను. గచ్చు వీధి చివర స్టూలు మళ్ళీ వేశారు. దాని మీద ఒక నడివయసు మనిషి కూర్చుని ఉన్నాడు. చక్కగా దువ్వుకున్న తల, పెద్ద చేతులు.

ఆ చేతులు చూడగానే నా ఒళ్ళు భగ్గుమంది. రేపు పొగ వస్తే మా బావ మీద తలుపు దించేది ఈ చేతులే. మంచం మీద మెడ ఎత్తి చూస్తూ ఉండే మా బావ మీద. ఈ మనిషిని తెచ్చింది నేనే, నాలుక కరుచుకుని, కాళ్ళరిగేలా తిరిగి. అయినా వాడిని స్టూలుతో సహా ఎత్తి అవతల పారేయాలనిపించింది. వాడి వంశాన్ని తిట్టాలనిపించింది. ఉలవల వీధివాళ్ళు నా మొహం ఎందుకు చూసేవాళ్ళు కాదో అప్పుడు అర్థమైంది.

అక్క ఆవకాయ గిన్నె తెచ్చింది. స్టూలు పక్కన పెట్టి, అతని మొహం చూడకుండా వెనక్కి తిరిగింది. అక్క నడకలో భయం లేదు. తిట్టుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషి తను కాదు.

అతను కొత్తవాడిలా ఉన్నాడు. గిన్నె చూసి సంబరపడి, నన్ను చూసి నవ్వాడు.

"ఆయమ్మ మీకు అక్క అవుతాదామ్మా? మీ మొగాలు ఒకే తీరుగా ఉండాయి. ఏం పేరు ఆయమ్మది?"

"నీకేంటికి?" అన్నాను. ఆ అరుపుకు వీధిలో నాలుగు తలుపులు తెరుచుకున్నాయి. "అడగొద్దు. ఎవర్నీ ఏమీ అడగొద్దు. పిలిస్తే పోవద్దు. ఊరగాయ తిను, గోడ చూసుకుంటా కూర్చో. తెలిసిందా?"

అతని నవ్వు పోయింది. నన్ను కాసేపు చూసి, స్టూలు గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. నేను అక్క ఇంట్లోకి పోయాను. అతని పేరు అడగలేదు.